పదకొండుసార్లు అమ్ముడైన కోతి

కీలమ్మ ఒకే కోతిని నాలుగేళ్ళలో పదకొండుసార్లు అమ్మి లాభం గడించిందని పన్నుల ఆఫీసు లెక్క తేల్చింది. కోతి మాత్రం ఆ పూట కూడా ఆమె ఇంట్లోనే, కిటికీ పక్క బల్ల మీద, ఒళ్ళో డోలు పెట్టుకుని నిక్షేపంగా కూర్చునే ఉంది. అమ్మితే ఇంట్లో ఎందుకుంటుంది, ఇంట్లో ఉంటే అమ్మినట్టెలా అవుతుంది అని మీరూ నేనూ అడుగుతాం. ఆఫీసు అడగదు. ఆఫీసు దగ్గర ఉన్నది కోతి కాదు, కోతి పేరున్న కాగితం.

కీలమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. కీ ఇస్తే నడిచే పాత రేకు బొమ్మల్ని బాగుచేస్తుంది కనక మెట్ల మీద ఆడుకునే పిల్లలు పెట్టిన పేరు. పిలవగా పిలవగా అదే స్థిరపడిపోయింది. ఇప్పుడు అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే ఆవిడే ఒక్క క్షణం ఆగి, ఎవర్నా అని వెనక్కి చూస్తుంది. అరవై దాటిన మనిషి. కుట్టుమిషన్లు బాగుచేసే షాపులో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. షాపు మూసేసిన రోజున యజమాని మూడు నెలల జీతానికి బదులు ఒక పెట్టెడు స్క్రూడ్రైవర్లూ, రెండు పట్టకార్లూ, ఒక నూనె డబ్బా చేతిలో పెట్టి చల్లగా జారుకున్నాడు. వాటితో ఏం చేసుకోవాలో తెలియక ఆవిడ నెల రోజులు వాటి ముఖమే చూడలేదు. తర్వాత ఒకనాడు పాత సామాన్ల దుకాణంలో తిరగని చక్రాల రేకు బాతు ఒకటి కనబడితే, ఊరికే ఉన్న చేతులు ఊరుకోక, కొని తెచ్చి విప్పింది. కుట్టుమిషన్‌లో ఉన్న పళ్ళచక్రాలే, కాకపోతే గింజలంత. సాయంత్రానికి బాతు నడిచింది.

ఆవిడ భర్త లిఫ్టు మెకానిక్కు. తొమ్మిదేళ్ళ కిందట షుగరు జబ్బు ఆయన కళ్ళు రెండూ తినేసింది. మొదటి ఏడాది ఆయన మంచం దిగలేదు. రెండో ఏడాది దిగి, గోడ పట్టుకుని, ఆ రెండు గదుల్నీ వేళ్ళతోనూ పాదాలతోనూ నేర్చుకున్నాడు. మంచానికీ కిటికీకీ ఎంత దూరం, పొయ్యి ఎక్కడ, బాత్రూం గడప ఎంత ఎత్తు, బయట మెట్లలో ఏ మెట్టు అరిగి పల్లమైంది, పక్కింటివాళ్ళ చెప్పుల స్టాండు ఎక్కడ మోకాలికి తగులుతుంది, అన్నీ కంఠతా వచ్చేశాయి. ఇప్పుడు టీ తనే పెట్టుకుంటాడు. కిందికి దిగి రొట్టె తెచ్చుకుంటాడు. చూపు లేదంటే కొత్తవాళ్ళు నమ్మరు. కానీ ఆ రెండు గదులూ ఆ మెట్లూ దాటితే ఆయన మళ్ళీ మొదటి ఏడాది మనిషే. ఓసారి తమ్ముడింట్లో నాలుగు రోజులు ఉండాల్సొస్తే కుర్చీలోంచి లేవలేదు. బాత్రూంకి వెళ్ళాలన్నా భార్య చెయ్యి పట్టుకోవాల్సొచ్చేసరికి సిగ్గుపడి తిండీ నీళ్ళూ తగ్గించేశాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఈ కథలో కీలమ్మ పడ్డ అగచాట్లన్నీ దీనికోసమే.

ఆ గదులు తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ఇళ్ళ ఆఫీసు తక్కువ అద్దెకిచ్చినవి. ఆదాయం ఒక గీత దాటకూడదు. దాటితే ఖాళీ చెయ్యాలి. దాటే ప్రమాదం ఉందని ఎవరైనా అంటే మొగుడూపెళ్ళాలు ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వుకునేవాళ్ళు.

బొమ్మల పనిలో ఇద్దరిదీ చెరో సగం. విప్పడం, అరిగిన పన్ను మార్చడం, రంగు పోయినచోట సన్న కుంచెతో అద్దడం ఆవిడ పని. కీ తిప్పి వినడం ఆయన పని. లిఫ్టు గుంతలో నిలబడి తీగల చప్పుడు విన్న చెవులు అవి. "రెండో చక్రంలో ఒక పన్ను అరిగిందే," అనేవాడు. విప్పితే అరిగే ఉండేది. ఆవిడ ఉడుక్కునేది. "కళ్ళున్నదాన్ని, నాకు కనబడలేదు. మీకెలా తెలిసిందండీ?" అంటే, "నీకు కళ్ళున్నాయి కాబట్టే," అని నవ్వేవాడు. డోలు కోతి మాత్రం అమ్మకానికి కాదు. ఆయన ఇల్లంతా నేర్చుకున్నాక చెవితో పట్టి బాగుచేయించిన మొదటి బొమ్మ అది. రోజూ పొద్దున్నే కీ ఇచ్చి, దాని డోలు విన్నాకగానీ టీ పెట్టేవాడు కాదు. రోజూ తిప్పితే స్ప్రింగు ఊరుకుంటుందా, నాలుగైదు నెలలకోసారి చచ్చి కూర్చునేది.

ఇక ఆన్‌లైన్ సంగతి. ఆ పుణ్యం మరిదిది. ఒక గోదాములో లెక్కలు రాస్తాడు కనక ప్రపంచంలో లెక్కలన్నీ తనకే తెలుసనుకుంటాడు. అతనే పాత వస్తువులు అమ్ముకునే వెబ్‌సైట్లో వదిన పేరున ఖాతా తెరిచి, ఫొటోలు పెట్టడం నేర్పాడు. బొమ్మ బాగుచేసి పెడితే ఎక్కడెక్కడివాళ్ళో కొనేవాళ్ళు. నెలకొకటో రెండో. మందులకి సరిపోయేది, అంతకుమించి ఏనాడూ మిగల్లేదు. "పన్నులూ గిన్నులూ ఏమన్నా ఉంటాయేమోరా," అని ఆవిడ మొదట్లోనే అడిగింది. "పాత బొమ్మలమ్ముకుంటే పన్నేంటి వదినా, అదేమన్నా బంగారమా," అని కొట్టిపారేశాడు.

ఆ వెబ్‌సైట్లోనే గడియారాలాయన పరిచయమయ్యాడు. రాత్రంతా బండిలో కూర్చుంటే తప్ప చేరలేనంత దూరపు ఊరు ఆయనది. ఒకప్పుడు రైల్వే స్టేషన్లలో పెద్ద గడియారాలు బాగుచేసేవాడు. నిచ్చెన మీంచి పడి నడుం విరిగింది. కాళ్ళు పోయాయి. పని చేయలేనివాళ్ళకి ఇచ్చే భృతితో ఒక్కడే బతుకుతున్నాడు. మంచంలో దిండ్లకి ఆనుకుని, ఒళ్ళో చెక్క వేసుకుని, బొమ్మలకి స్ప్రింగులు చుడతాడు. ఉక్కు పట్టీ తెచ్చి, ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, ఎంత బిగువు కావాలో అంత బిగువు పట్టేలా చుట్టడం ఆయనకి తప్ప ఎవరికీ చేతకాదు. ఎనిమిదేళ్ళుగా ఫోనులో మాట్లాడుకుంటున్నారు, ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఆవిడ అన్నయ్యగారూ అంటుంది, ఆయన చెల్లెమ్మా అంటాడు. ఉత్తుత్తి వరసలు కావవి. ఆవిడ భర్త కళ్ళకి ఆఖరి ప్రయత్నంగా ఆపరేషన్ చేసిన రోజున సొంత తమ్ముడు గంటసేపు ఉండి వెళ్ళాడు, ఈయన మాత్రం సాయంత్రం దాకా గంట గంటకీ ఫోన్ చేశాడు.

స్ప్రింగు పోయిన బొమ్మల్ని ఆయనకి పంపాలి కదా. అక్కడే ఉంది తిరకాసు. మొదట్లో ఒక రేకు పడవని ఊరికే పార్శిల్ చేసి పంపింది. దారిలో ఎవడి మోచెయ్యి పడిందో, అప్పడమైపోయి చేరింది. నష్టం అడిగితే పార్శిల్ వాళ్ళు, "అమ్మిన వస్తువు కాదు కదమ్మా, దీనికి విలువేంటి," అన్నారు. అదే వెబ్‌సైట్లో అమ్మి పంపితే, దారిలో పగిలితే పూర్తి ధర ఇస్తారు. అప్పట్నుంచి ఈ రేకు బొమ్మలవాళ్ళంతా ఒక పద్ధతి పెట్టుకున్నారు. మరమ్మతుకి పంపే బొమ్మని అమ్మినట్టు చూపించి పంపడం. అదీ పూర్తి ధరకి, ఎందుకంటే పగిలితే వచ్చేది ఆ ధరే. అవతలివాళ్ళు డబ్బు కట్టి "కొంటారు". బాగుచేసి, తమ సొంత చెక్కపెట్టెలో దూదిమధ్య పెట్టి మామూలు పోస్టులో వెనక్కి పంపిస్తారు. వెబ్‌సైటుకి రెండోసారి కమీషన్ ఎందుకని వచ్చేటప్పుడు అమ్మకం ఉండదు. బొమ్మ చేరాక సొంతదారు ఆ డబ్బుకి మరమ్మతు కూలి కలిపి బ్యాంకులో వాళ్ళ ఖాతాకి వేసేస్తారు. బ్యాంకు ఫారం మీద కారణం రాయమంటే ఏం రాయాలని కీలమ్మ అడిగితే, మరిది తడుముకోకుండా, "చేబదులు అని రాసెయ్ వదినా," అన్నాడు. నాలుగేళ్ళూ అదే రాసింది.

అలా కోతి పదకొండుసార్లు అమ్ముడుపోయి, పదకొండుసార్లు పోస్టులో ఇల్లు చేరింది.

నోటీసు వచ్చిన పొద్దున ఆవిడ ఒక రేకు రైలుకి రంగు అద్దుతోంది. కవరు పోస్టుమనిషి చేతిలోంచి తీసుకుని, కరెంటు బిల్లనుకుని పక్కన పెట్టి, రంగు ఆరాక తెరిచింది. ఆన్‌లైన్‌లో పాత వస్తువులు అమ్మేవాళ్ళ అమ్మకాలన్నీ నాలుగేళ్ళుగా వెబ్‌సైటు వాళ్ళే పన్నుల ఆఫీసుకి చెప్పాలని కొత్త రూలట. చెప్పారట. మొత్తం ఎంతో వేశారు. ఆ అంకె చూసి ఆవిడ ఇది ఇంకెవరిదో అనుకుని కవరు మీద పేరు మళ్ళీ చదువుకుంది. అసలు పేరు. తనదే. కింద ఇంకో కాగితం ఉంది. ఇళ్ళ ఆఫీసుకి ప్రతి పంపడమైనది అని. ఆదాయం గీత దాటింది కనక అరవై రోజుల్లో సరైన రుజువులు చూపకపోతే గదులు ఖాళీ చెయ్యాలని. 

"ఏంటే అది?" అన్నాడు ఆయన, కాగితం చప్పుడు విని.

"కరెంటు బిల్లండీ."

"కరెంటు బిల్లుకి రెండు కాగితాలెందుకు?"

ఆవిడ చెప్పక తప్పింది కాదు. ఆయన అంతా విన్నాడు. తర్వాత లేచి, తిన్నగా వెళ్ళి, టీకి నీళ్ళు పెట్టాడు.

మరిది ఆదివారం వచ్చాడు. నోటీసు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చదివాడు. మామూలుగా అతను లెక్కల గురించి మాట్లాడుతుంటే ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ రోజు నీళ్ళు నమిలాడు.

"ఇంట్లో వాడుకున్న పాత సామాను కొన్నదానికన్నా తక్కువకి అమ్ముకుంటే పన్ను లేదు వదినా. అదే కొని, బాగుచేసి, మళ్ళీ మళ్ళీ అమ్మితే వ్యాపారం కింద లెక్క. అందులో ఇలాంటి పాత బొమ్మల్లాంటివాటికి వేరే రేటు."

"అమ్మినవాటికి కడతాను. అమ్మనివాటికి కూడానా?"

"అమ్మలేదని కాగితం లేదుగా."

"కొన్న ధర తీసేస్తారటగా?"

"బిల్లుంటే తీసేస్తారు. బిల్లు లేకపోతే ఉత్తినే వచ్చిందని రాసుకుంటారు. పాత సామాన్లవాడు నీకు బిల్లిచ్చాడా?"

"వాడు సరిగ్గా చిల్లరే ఇవ్వడు."

"బంగారమా అన్నాను కదూ," అన్నాడు మరిది, తనలో తనే. ఆ మాటకి ఆవిడకి ఒళ్ళు మండింది. తిట్టడానికి నోరు తెరిచింది. అతని ముఖం చూసి మూసేసింది.

పాత బిల్లుల కోసం నెల రోజులు తిరిగి, ఒక్కటీ దొరక్క, చివరికి పన్నుల ఆఫీసుకెళ్ళింది. మూడో కిటికీ. తెల్లవారి వెళ్ళి నిలబడితే మధ్యాహ్నానికి టోకెన్ పిలిచారు. కిటికీ అవతల అధికారిణికి జలుబు. ముక్కు తుడుచుకుంటూనే ఓపిగ్గా విన్నది. చెడ్డమనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డమనిషైతే నాలుగు తిట్టుకుని ఇంటికి రావచ్చు.

"ఒకే కోతిని పదకొండుసార్లు అమ్మారా?" అంది.

"ఒక్కసారి కూడా అమ్మలేదమ్మా. ఇంట్లోనే ఉంది. కావాలంటే తెచ్చి చూపిస్తాను."

"తెచ్చినా అది పన్నెండో కోతి కాదని నేనెలా చెప్పగలను?" నవ్వలేదు ఆ అమ్మాయి, నిజంగానే అడిగింది. "డబ్బు మీ ఖాతాలో పడింది. తిరిగిచ్చానంటున్నారు. బ్యాంకు కాగితంలో చేబదులు అని ఉంది. చేబదులు తీర్చడం మీ సొంత ఖర్చు, అమ్మకానికీ దానికీ సంబంధం లేదు."

"మరి దీనికి దారే లేదా?"

అధికారిణి కాసేపు స్క్రీన్ చూసింది. "ఎవరికైతే పంపారో ఆయన ఉత్తరం కావాలి. ఏ తేదీన బొమ్మ వచ్చింది, ఏం పని చేశారు, ఎంత తీసుకున్నారు, ఎప్పుడు తిరిగి పంపారు. సంతకంతో. అది ఉంటే కోతి మొత్తం కొట్టేయచ్చు. మీ అంకెలో సగానికి పైగా కోతిదే. గీత కిందికి వచ్చేస్తారు."

కీలమ్మ ఆ మాట పట్టుకుని, దారిలో ఎవరినీ చూడకుండా, వానలో ఇంటికి నడిచొచ్చింది. భర్తకి చెప్పింది. ఆయన ముఖంలోకి కాస్త రక్తం వచ్చింది. సాయంత్రం మరిదికి ఫోన్ చేస్తే మాత్రం అతను హుషారుపడలేదు.

"గడియారాలాయన భృతి మీద బతికేవాడు కదూ?"

"అవును."

"పని చేయలేనివాళ్ళకిచ్చే భృతి వదినా అది. కూలి తీసుకుని పని చేశానని ఆయన తన చేత్తో రాసి సంతకం పెడితే, అది ఆయన పీకల మీదికొస్తుంది. ఆ ఆఫీసూ ఈ ఆఫీసూ ఇప్పుడన్నీ ఒకటే కంప్యూటరు."

"కోతికి స్ప్రింగు చుట్టడం కూడా పనేనా?"

"డబ్బు తీసుకుంటే పనే."

కీలమ్మ ఫోన్ పెట్టేసి, కిటికీ దగ్గర నిలబడింది. లోపల ఆయన పళ్ళెం కడిగి, తుడిచి, దాని చోట దాన్ని పెడుతున్నాడు. చప్పుడు కాలేదు. ఎక్కడ ఏముందో ఆయన చేతులకి తెలుసు. మరునాడు పొద్దున ఆవిడ గడియారాలాయనకి ఫోన్ చేసింది.

అన్నీ చెప్పింది. నోటీసు, అరవై రోజులు, మూడో కిటికీ, ఉత్తరం. మరిది చెప్పిన ఒక్క మాట తప్ప. చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే ఆయన రాయడేమో అని భయమేసింది. చెప్పాక కూడా రాస్తానంటాడేమో అని ఇంకా భయమేసింది, అప్పుడు వద్దనాల్సింది తనే కదా. అందుకని నోరు కట్టేసుకుంది. ఆ నిమిషంలో ఆవిడ తన్ను తాను అసహ్యించుకుంది. ఇది నేను కల్పించి చెప్పడం కాదు, తర్వాత తనే చెప్పుకుంది.

"ఓస్, ఇంతేనా చెల్లెమ్మా," అన్నాడు ఆయన. "నా దగ్గర పుస్తకముంది. స్టేషన్లో ఉన్నప్పటి అలవాటు, ఏ గడియారం ఎప్పుడు విప్పామో రాసుకోవాలి. బొమ్మలకీ అట్లాగే రాస్తాను. నీ కోతి తేదీలన్నీ ఉన్నాయి. అయినా ఇదేం పని, కాలక్షేపం. నువ్విచ్చే కూలి ఉక్కు పట్టీకీ బొగ్గుకీ సరిపోతుంది."

"మీకేం ఇబ్బంది ఉండదుగా అన్నయ్యగారూ?" అని అడిగింది. తెలిసి అడిగింది.

"నాకేం ఇబ్బంది? కూర్చున్నచోట రాయడమేగా."

ఉత్తరం పదో రోజున వచ్చింది. ఏడు కాగితాలు. గుండ్రటి అక్షరాలు, గీత గీసినట్టు వరసలు. కోతికి సంబంధించినవి రెండు కాగితాలే. మిగతావాటిలో ఆయన తను ఎనిమిదేళ్ళలో చుట్టిన ప్రతి స్ప్రింగూ రాశాడు. ఎవరి బొమ్మ, ఏ ఊరు, ఎంత తీసుకున్నాడు. చివర్న, "ఈ చెల్లెమ్మ ఒక్కర్తే కాదు, మేమంతా ఇదే పద్ధతిలో పంపుకుంటాము, ఇందులో మోసం లేదు, ఇందుకు నా పుస్తకమే సాక్ష్యం," అని రాసి సంతకం పెట్టాడు. ఎంత ఎక్కువ నిజం చెబితే అంత గట్టిగా పనికొస్తుందనుకున్నాడు పిచ్చి మహారాజు.

సంతకం ఏడో కాగితం మీద ఉంది. కోతి కాగితాలు విడదీస్తే సంతకం ఉండదు. మళ్ళీ రాయించుకోవచ్చు, కానీ ఎందుకు మళ్ళీ అంటే ఏం చెబుతుంది? గడువులో పదకొండు రోజులు మిగిలాయి. భర్తకి చదివి వినిపించింది.

"ఆయన భృతికేమైనా అవుతుందేమోనే," అన్నాడాయన. ఎవరూ చెప్పకుండానే.

"ఏమీ కాదటండీ. మీ తమ్ముడు చెప్పాడు."

ఇంట్లో ఆయనతో ఆవిడ కరెంటు బిల్లు లాంటి చిన్న అబద్ధాలు చాలా ఆడింది. ఇలాంటిది ఇదే మొదటిది.

మూడో కిటికీలో ఏడు కాగితాలూ ఇచ్చింది. పక్కనున్న గుమాస్తా తలెత్తకుండా ఒక్కోదాని మీదా టపటపా ముద్ర వేసి లోపలికి తోశాడు. ఆవిడ బల్ల మీద కూర్చుంది. గంటన్నర తర్వాత అధికారిణి పిలిచింది. జలుబు తగ్గింది, ముఖం మాత్రం బాగాలేదు.

"ఈయన పని చేయలేనని భృతి తీసుకుంటున్నారు. పేరు కొట్టగానే కంప్యూటర్లో వచ్చింది," అంది. "ఇక్కడేమో ఎనిమిదేళ్ళుగా కూలికి పని చేశానని రాశారు. రెండింట్లో ఏదో ఒకటి అబద్ధం. అబద్ధం రాసే మనిషి సాక్ష్యం మీద నేను పదకొండు అమ్మకాలు కొట్టేయలేను."

"రెండూ నిజమేనమ్మా. ఆయనకి కాళ్ళు లేవు. చేతులున్నాయి."

"ఆ సంగతి భృతి ఆఫీసు తేల్చాలి. వాళ్ళకి పంపుతున్నాను. తేల్చాక వాళ్ళ కాగితం వస్తే, అప్పుడు మీది చూస్తాను."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఏడాది. ఇంకా ఎక్కువే కావచ్చు."

"ఇళ్ళ ఆఫీసు గడువు తొమ్మిది రోజులు."

"అది వాళ్ళ గడువమ్మా. దాన్ని ఆపే అధికారం నాకు లేదు."

కీలమ్మ కిటికీ చెక్క రెండు చేతులా పట్టుకుంది. "అయితే ఆ ఉత్తరం నాకిచ్చేయండి. నాకొద్దు. నేను తేలేదనుకోండి. గదులు పోతే పోయాయి."

"ముద్ర పడిందమ్మా," అంది అధికారిణి, మెల్లగా. "ముద్ర పడ్డాక అది మీది కాదు."

ఆవిడ అక్కణ్ణించి కదల్లేదు. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారు. ఎవరో "పక్కకి జరగమ్మా" అన్నారు. జరిగింది. బల్ల మీద కూర్చుని, ఆఫీసు కట్టేసేదాకా, ఆ కిటికీ వంకే చూస్తూ ఉండిపోయింది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననుకుంది.

ఇళ్ళ ఆఫీసుకి మరిది కూడా వెళ్ళాడు. వాళ్ళ దగ్గర వినడానికి మనిషే లేడు, అర్జీలు వేసే పెట్టె ఒకటుంది, అందులో వేసి వచ్చాడు. జవాబు రాలేదు. బొమ్మలన్నీ అమ్మేసి ఆ పన్నేదో కట్టేద్దామని ఆవిడ అంటే, "ఆ అమ్మకం వచ్చే ఏడాది లెక్కలోకెక్కుతుంది వదినా," అనేసి, తప్పుచేసినట్టు తల దించుకున్నాడు. తన ఇంటి మేడ మీద ఒక గది ఇస్తానన్నాడు. ఇనప మెట్లు, పక్కకి పట్టుకోవడానికి కమ్మీ ఒకవైపే. కమ్మీ రెండోవైపు కూడా పెట్టిస్తానన్నాడు. పాపం, పెట్టిస్తాడు కూడా.

ఆవిడ అట్టపెట్టెల్లో సామాను సర్దుతుంటే భర్త ఆ నాలుగు రోజులూ గదుల్లో తిరుగుతూనే ఉన్నాడు, కిటికీ నుంచి పొయ్యికి, పొయ్యి నుంచి గడపకి. సర్దిన పెట్టె ఒకటి దారిలో ఉంటే దానికి కొట్టుకుని పడ్డాడు. ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "ఏం లేదులే," అన్నాడు. మోకాలు చీరుకుపోయింది. ఆ పూట నుంచి ఆయన మంచం దిగలేదు. టీ ఆవిడే కలిపిచ్చింది. ఆయన పట్టుకున్నాడు గానీ తాగలేదు.

ఖాళీ చేసే ముందురోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. గడియారాలాయన.

"చెల్లెమ్మా, నాకో కాగితం వచ్చింది," అన్నాడు. గొంతు ఎప్పట్లాగే ఉంది, కాస్త కంగారుందంతే. "ఈ నెల నుంచి భృతి ఆపేశారట. ఇచ్చింది కూడా తిరిగి కట్టాలని ఏదో రాశారు, అది నాకు సరిగ్గా అర్థం కాలేదు. స్వయంగా రమ్మన్నారు. పక్కింటాయన్ని బతిమాలి బండి మాట్లాడుకున్నాను, ఎత్తి కూర్చోబెడతారట. అందుకే నీకు చేశాను. మనలో ఇవన్నీ తెలిసింది నీకేగా, నువ్వు వెళ్ళొచ్చావు. అక్కడ ఏమేం తీసుకెళ్ళాలి?"

కీలమ్మ గోడకి ఆనుకుంది. మంచం మీద భర్త తల ఇటు తిప్పాడు.

"అన్నయ్యగారూ, మీకొకటి చెప్పాలి," అంది. "మీరు ఉత్తరం రాస్తే ఇట్లా అవుతుందని నాకు ముందే తెలుసు. మా మరిది చెప్పాడు. నేను మీకు చెప్పలేదు. చెబితే మీరు రాయరని చెప్పలేదు."

భర్త విన్నాడు. తాగని టీ కప్పుని తడుముకుంటూ కింద పెట్టాడు.

గడియారాలాయన ఫోన్ పెట్టేశాడేమో అనుకుంది. పెట్టెయ్యలేదు, ఊపిరి వినబడుతూనే ఉంది. తిడతాడని ఎదురుచూసింది. తిడితే బాగుండునని మనసారా కోరుకుంది.

"పుస్తకం తీసుకెళ్ళాలా, వద్దా?" అన్నాడు ఆయన చివరికి. గొంతులో చెల్లెమ్మ లేదు.

"వద్దు," అంది ఆవిడ. "పుస్తకం వద్దు. ముందు ఎవరికీ ఏ కాగితమూ ఇవ్వకండి. పొద్దున్నే వెళ్ళండి, టోకెన్లు తొందరగా అయిపోతాయి. మంచినీళ్ళు పట్టుకెళ్ళండి, అక్కడ ఉండవు."

"ఏ కిటికీ?"

"మీ ఊళ్ళో ఏదో నాకు తెలీదన్నయ్యగారూ. ఇక్కడైతే మూడోది."

"మూడోది," అన్నాడాయన. పెన్సిలు కాగితం మీద గీసిన చప్పుడయింది. రాసుకుంటున్నాడు.